నాలుగో అంతస్తులో ఎడారి పిల్లి

హైదరాబాదు సోమాజిగూడలో అపార్ట్‌మెంటు ఉన్నచోటల్లా పావురాలున్నాయి. రాజ్‌భవన్ రోడ్డు వెనక వీధుల నుంచి ఎర్రమంజిల్, పంజాగుట్ట దాకా ఏ బాల్కనీ చూసినా ఏసీ డబ్బా మీద ఒక జంట కాపురం పెట్టి ఉంటుంది. అలాంటి ఇంట్లో పిల్లి ఉంటే దాని రోజంతా బాల్కనీలోనే గడుస్తుంది. పిట్టగోడ ఎక్కి కూర్చున్నా ఇంట్లోవాళ్లు పెద్దగా కంగారుపడరు. ఎంత ఎత్తు నుంచి పడినా పిల్లి కాళ్ల మీదే నిలుస్తుందని చిన్నప్పటి నుంచీ వింటున్న మాట కదా!

ఆ మాట చాలావరకు నిజమే. అయినా నగరాల్లోని పశువైద్యుల దగ్గరికి దవడ విరిగిన, అంగిలి చీలిన, ఊపిరితిత్తులు నలిగిన పిల్లులు వస్తూనే ఉంటాయి. కాళ్ల మీద పడే జంతువుకు దవడ ఎందుకు విరుగుతుంది?

మన ఇళ్లలో తిరిగే పిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల అడవిపిల్లి సంతతి అని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ఎండిన నేలల్లో ఒంటరిగా వేటాడుతూ, ఎలుకల్లోని తడితోనే సగం దాహం తీర్చుకున్న జీవి అది. మనిషి దగ్గరికి చేరి వేల ఏళ్లయింది. కుక్కను మార్చినంతగా పిల్లిని మనిషి మార్చలేదు. దాని నివాసం ఫ్లాటుకు మారింది, దేహం మాత్రం ఆ ఎండు నేలల దగ్గరే ఆగిపోయింది. ఇంట్లో పిల్లికి వచ్చే ఆపదల్లో చాలావాటికి మూలం ఈ తేడాలోనే ఉంది.

గాలిలో తిరిగే ఒళ్లు

1894లో పారిస్‌లో ఎతియెన్ జూల్ మారే అనే శాస్త్రవేత్త ఒక పిల్లిని వెల్లకిలా పట్టించి వదిలించి, అది కిందికి పడే తీరును వరసగా ఫొటోలు తీశాడు. ఆ రోజుల్లో శాస్త్రవేత్తలకు ఇది మింగుడుపడని సంగతి. ఏ ఆసరా లేకుండా గాలిలో తనంతట తాను తిరగడం ఎలా సాధ్యం? వదిలేముందు మనిషి చేతిని తన్ని ఊపు తెచ్చుకుంటుందేమో అనుకున్నారు. ఫొటోల్లో అలాంటి తన్నే కనబడలేదు.

జరిగేది ఇది. చెవి లోపలుండే సమతుల్య అవయవం ఏది కిందో ఏది పైనో మెదడుకు క్షణంలో చెబుతుంది. ముందు తల తిరుగుతుంది. తర్వాత ఒళ్లు నడుము దగ్గర వంగుతుంది. పిల్లి ముందుకాళ్లు ముడిచి, వెనక్కాళ్లు చాస్తుంది. ముడుచుకున్న భాగం తేలిగ్గా, ఎక్కువగా తిరుగుతుంది. చాచి ఉన్న భాగం ఎదురు దిశలో కొద్దిగానే తిరుగుతుంది. ముందుభాగం నేలవైపు రాగానే ఇదే పని తిరగేసి చేస్తుంది. ఇప్పుడు ముందుకాళ్లు చాచి, వెనక్కాళ్లు ముడిచి, వెనకభాగాన్ని కూడా తిప్పుకుంటుంది. రెండు సగాల తిరుగుడూ ఒకదానికొకటి చెల్లుకు చెల్లు కాబట్టి బయటి ఆసరాతో పనిలేదు. మన భుజాలను బిగించి పట్టే జత్రుక ఎముక పిల్లిలో పేరుకు మాత్రమే ఉండటం, వెన్నెముక విపరీతంగా వంగగలగడం దీనికి తోడ్పడతాయి. ఈ విద్య పిల్లి కూనకు మూడు నాలుగు వారాల వయసులో మొదలై ఆరేడు వారాలకు పూర్తిగా వస్తుంది.

అయితే ఒళ్లు తిప్పుకోవడం వేరు, వేగాన్ని ఆపుకోవడం వేరు. చెట్టుకొమ్మ మీద నుంచి మెత్తటి నేల మీదికి దూకడానికి ఆ కాళ్లు చాలు. నాలుగో అంతస్తు నుంచి సెల్లార్ ర్యాంపు సిమెంటు మీదికి వచ్చేసరికి కాళ్లు తాకుతాయి, ఆ తాకిడిని మోయలేక ముడుచుకుపోతాయి, మరుక్షణం ఛాతీ, గడ్డం నేలకు కొట్టుకుంటాయి. దవడ విరగడం, అంగిలి చీలడం ఇందువల్లే.

న్యూయార్క్‌లోని ఒక పెద్ద పశువైద్యశాలకు అయిదు నెలల్లో ఇలా పడి వచ్చిన 132 పిల్లుల వివరాలు 1987లో ప్రచురించారు. పదింటిలో తొమ్మిదింటికి ఛాతీ గాయాలున్నాయి. చికిత్స అందినవాటిలో కూడా పదింటికి తొమ్మిది బతికాయి. ఏడంతస్తులు దాటి పడినవాటికి గాయాలు తక్కువగా ఉన్నట్టు ఆ లెక్కల్లో తేలడంతో, పిల్లికి ఎత్తు పెరిగేకొద్దీ మేలన్న ప్రచారం ప్రపంచమంతా పాకింది. ఈ ప్రచారాన్ని నమ్మకండి. పడినచోటే ప్రాణం పోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి మోసుకెళ్లరు. ఆ లెక్కల్లోకి వచ్చినవి ఆసుపత్రి దాకా రాగలిగినవి మాత్రమే.

చూపు పావురం మీద, కాలు గ్రానైటు మీద

అంత ఒడుపున్న జంతువు అసలు పడటమెందుకు? కారణాలు రెండు. వేట మీద గురి కుదిరిన పిల్లికి చుట్టుపక్కల ధ్యాస ఉండదు. పావురం రెక్క కొట్టగానే కండరాలు బిగుసుకుని దూకేస్తాయి, అంచు ఎక్కడుందన్న ఆలోచన తర్వాతెప్పుడో వస్తుంది. రెండోది గోళ్లు. లోపలికి ముడుచుకునే ఆ కొక్కేల గోళ్లు చెట్టు బెరడును పట్టుకోవడానికి ఏర్పడ్డాయి. మన పిట్టగోడల మీద పరిచే నునుపైన గ్రానైటు పలక వాటికి పట్టు ఇవ్వదు. జారుతున్నప్పుడు ఎంత గీరినా లాభం లేదు.

పావురాల కోసం కట్టే నైలాన్ వల పిల్లికీ పనికొస్తుంది గానీ దాన్ని పావురాలను దృష్టిలో పెట్టుకుని బిగించారన్నది మరవకండి. పావురం వలను కొరకదు, అడుగు నుంచి తలదూర్చదు. పిల్లి రెండూ చేస్తుంది. మందపు దారం వల కానీ, అంతకంటే మేలైన స్టీలు జాలీ కానీ వేయించి, కింది అంచును కూడా కొక్కేలతో దగ్గరదగ్గరగా బిగించమనండి. బిగించాక అరచేత్తో గట్టిగా నెట్టి చూడండి. కిటికీలకు వేసే దోమతెర బరువుకు చిరిగిపోతుంది, దాన్ని అడ్డుగా లెక్కించకూడదు. బాత్‌రూము వెంటిలేటరులో ఊడిపోయిన అద్దం పలక ఉంటే దాన్నీ సరిచేయించాలి. తల పట్టిన సందులోంచి మామూలు ఒడ్డూపొడుగున్న పిల్లి మొత్తం ఒళ్లు దాటించేయగలదు.

పిల్లిని బాల్కనీ దాటించే మరో బలమైన కారణం ఎద. ఆడపిల్లి నాలుగు నుంచి ఆరు నెలల వయసులోనే ఎదకు రావచ్చు. దాని ఎద పగటి వెలుతురు నిడివిని బట్టి నడుస్తుంది. చలిదేశాల్లో శీతాకాలం కొన్ని నెలలు విరామం దొరుకుతుంది. హైదరాబాదులో పగటి నిడివి ఏడాది పొడవునా పెద్దగా మారదు, పైగా ఇంట్లో రాత్రి పదకొండు దాకా లైట్లు. అందుకే ఇక్కడ చూలు కట్టని పిల్లి మళ్లీమళ్లీ ఎదకు వస్తూ, అరుస్తూ, సందు దొరికితే దూకేస్తుంది. ఆరునెలల్లోపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే ఈ బాధ పోవడంతో పాటు రొమ్ము క్యాన్సరు ముప్పు కూడా బాగా తగ్గుతుంది. మగపిల్లికి చేయిస్తే గోడల మీద ఉచ్చ చిమ్మే అలవాటూ తగ్గుతుంది.

పెరుగన్నం ఎందుకు చాలదు

పిల్లి అనగానే పాలగిన్నె గుర్తొస్తుంది మనకు. తల్లిపాలు మానిన పిల్లిలో పాలచక్కెరను జీర్ణంచేసే ఎంజైము తగ్గిపోతుంది. జీర్ణంకాని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి, విరేచనాలవుతాయి. పిల్లి ఇష్టంగా తాగింది కదా అనొచ్చు. దానికి నచ్చింది కొవ్వు. పిల్లికి తీపి రుచే తెలియదు. తీపిని పట్టే జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉందని 2005లో కనుగొన్నారు.

తీపి అక్కర్లేని జంతువు అంటే మొక్కల తిండి అక్కర్లేని జంతువని అర్థం. లక్షల ఏళ్లు మాంసం మీదే బతికిన దేహం, మాంసంలో దొరికేవాటిని సొంతంగా తయారుచేసుకునే శక్తిని వదిలేసుకుంది. మనం క్యారెట్టు నుంచి విటమిన్ ఎ చేసుకుంటాం, పిల్లి చేసుకోలేదు. టారిన్ అనే పదార్థాన్ని కుక్క తన ఒంట్లో తయారుచేసుకోగలదు, పిల్లికి తిండిలోంచే రావాలి. టారిన్ కరువైతే కంటిలోని రెటీనా మెల్లగా క్షీణిస్తుంది. గుండె కండరం పలచబడి ఉబ్బిపోతుంది. పిల్లుల్లో కనబడే ఈ గుండెజబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో అమెరికా పశువైద్యులు నిరూపించారు. టారిన్ ఇచ్చాక ఆ పిల్లుల గుండెలు కోలుకున్నాయి కూడా. అప్పటి నుంచే పిల్లుల దాణాలో టారిన్ మోతాదు పెంచారు.

చికెన్ షాపులో ఉచితంగా ఇచ్చే ముక్కలతో సరిపెడదామనుకుంటే అక్కడా మెలికలున్నాయి. టారిన్ నీటిలో కరుగుతుంది కాబట్టి ఉడికించిన నీళ్లు పారబోస్తే వాటితోపాటే పోతుంది. రోజూ కార్జమే పెడితే విటమిన్ ఎ హద్దు మీరి మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఎముకలు లేని మాంసంలో కాల్షియం దాదాపు ఉండదు, ఉడికిన ఎముకలు పేగులో గుచ్చుకుంటాయి. పిల్లుల కోసమే తయారైన, సంపూర్ణాహారమని డబ్బా మీద రాసి ఉన్న తిండిని ప్రధానంగా పెట్టి, ఉప్పూకారం లేని ఉడికించిన చికెన్‌ను నంజుడుగా ఉంచడం మేలు.

శాకాహార కుటుంబాలకు నా మాట కొంచెం కటువుగా అనిపించవచ్చు. ఇంట్లో మాంసం వాసనే పనికిరాదనుకుంటే పిల్లిని తెచ్చుకోకండి. పెరుగన్నం మీద పెరిగిన పిల్లి కొంతకాలం బాగానే కనబడుతుంది. కంటిచూపు తగ్గినట్టు మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

కాలేయం చేయలేని పని

మాంసాహారపు గతం పిల్లికి ఇంకో బలహీనతను కూడా మిగిల్చింది. ఇళ్లలో తెలియక జరిగే మరణాలు ఎక్కువగా దీంతోనే ముడిపడి ఉన్నాయి కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఆకులూ కాయలూ తినే జంతువులకు మొక్కల్లోని విషాల బెడద రోజూ ఉంటుంది. ఫినాల్ కోవకు చెందిన అలాంటి పదార్థాలకు కాలేయం ఒక చక్కెర ఆమ్లాన్ని తగిలించి, నీటిలో కరిగేట్టు చేసి, ఉచ్చలో బయటికి పంపేస్తుంది. ఆ తగిలించే ఎంజైముల్లో ముఖ్యమైనదాని జన్యువు పిల్లి జాతిలో ఎప్పుడో చెడిపోయింది. మొక్కలు తినని జంతువుకు అడవిలో దానివల్ల నష్టం కలగలేదు. మన ఇంట్లో కలుగుతుంది.

పారాసిటమాల్ సంగతి చూడండి. మన కాలేయం దాన్ని సాఫీగా సాగనంపుతుంది. పిల్లి ఒంట్లో అది వేరే దారి పట్టి విషంగా మారి, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని పదార్థంగా మార్చేస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి అందదు. నాలుగు కిలోల పిల్లి ప్రాణం తీయడానికి 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి చాలు. అడుగడుగునా ఆసుపత్రులూ మందుల షాపులూ ఉన్న ఈ ప్రాంతంలో, పిల్లికి జ్వరం వచ్చిందని పిల్లల సిరప్ పోసేముందు ఇది గుర్తుండాలి.

నేల తుడిచే ఫినాయిల్ కూడా ఈ కోవలోదే. తడి నేల మీద నడిచిన పిల్లి ఆ పాదాలను నాకి శుభ్రం చేసుకుంటుంది, ఫినాయిల్ కడుపులోకి పోతుంది. డెట్టాల్‌లోని ప్రధాన పదార్థం కూడా ఫినాల్ జాతిదే కాబట్టి పిల్లి గాయాన్ని దాంతో కడగకూడదు. పనిమనిషికి ఈ సంగతి విడమరిచి చెప్పండి. కొద్దిగా సబ్బునీళ్లతో తుడిచి, మంచినీళ్లతో మరోసారి తుడిచి, నేల ఆరాక పిల్లిని వదిలితే సరిపోతుంది. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందును పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. మెడ మీద నాలుగు చుక్కలు వేస్తే మూర్ఛలు వస్తాయి. బీరువాలో వేసే కలరా ఉండలు, పూజగదిలో కర్పూరం కూడా అందకుండా పెట్టాల్సినవే.

ఉల్లి, వెల్లుల్లి దెబ్బ మరో రకం. వాటిలోని గంధక పదార్థాలు పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, వేయించినవైనా, పొడి అయినా ఒకటే. బిర్యానీలో ముక్క తీసి కడిగి పెడుతున్నాం అనేవాళ్లుంటారు. మసాలా ముక్క లోపలిదాకా పట్టి ఉంటుంది.

శుభకార్యాల నుంచి ఇంటికొచ్చే బొకేల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గుడిమల్కాపూర్ మార్కెట్లో లిల్లీ పేరుతో తూకానికి అమ్మే తెల్లటి దండల పూలతో పిల్లికి ప్రమాదం లేదు. బొకేల్లో గుచ్చే, పెద్ద రేకులు విచ్చుకుని మధ్యలో పుప్పొడి కాడలు నిలబడే లిల్లీలు మాత్రం పిల్లి మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లో పాడుచేస్తాయి. ఒంటికంటిన పుప్పొడిని నాకినా, వాటి కుండీలో నీళ్లు తాగినా అంతే. అలాంటి పూలను గుమ్మం బయటే వదిలేయండి.

దారం ఎందుకు ప్రాణాంతకం?

పిల్లి నాలుక మీది గరుకు ముళ్లన్నీ గొంతువైపు వంగి ఉంటాయి. అందువల్ల నోట్లోకి పోయిన దారాన్ని పిల్లి ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక మొదట్లోనో కడుపులోనో చిక్కుకుంటుంది, మిగతాది పేగుల్లోకి సాగుతుంది. పేగు తన పద్ధతిలో దాన్ని ముందుకు నెట్టాలని చూస్తుంది. దారం కదలదు, పేగే దారం మీదికి ఎగబాకుతుంది. పైజామాకు ఎక్కించిన నాడా లాగితే గుడ్డ కుచ్చులు పడుతుందే, అలా పేగంతా ముడుచుకుని, బిగిసిన దారం దాన్ని లోపలినుంచి కోసేస్తుంది. మల్లెపూల దండ దారం, సూదితో ఉన్న కుట్టుదారం, సంక్రాంతి తర్వాత డాబా మీదా బాల్కనీలోనూ మిగిలిన మాంజా, ఇవన్నీ ఆ పని చేయగలవు. నోటి నుంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే ఎట్టి పరిస్థితిలోనూ లాగొద్దు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

దాహం తెలియని దేహం

ఎండు నేలల జీవి కాబట్టి పిల్లి మూత్రపిండాలు ఉచ్చను చాలా చిక్కగా చేసి నీటిని పొదుపు చేస్తాయి, దాహం ఆలస్యంగా వేస్తుంది. ఎలుకలో నూటికి 70 పాళ్లు నీరే. డ్రై ఫుడ్‌లో నూటికి 10 పాళ్లు. ఆ తేడాను పిల్లి తాగి పూడ్చుకోదు. చిక్కటి ఉచ్చలో లవణాలు స్ఫటికాలవుతాయి, మూత్రాశయం గోడ వాస్తుంది. మగపిల్లి మూత్రనాళం సన్నగా ఉండటం వల్ల జిగురూ ఇసుకా కలిసి దాన్ని పూర్తిగా మూసేయవచ్చు. అప్పుడు పిల్లి మలమూత్రాల కోసం పెట్టిన లిట్టర్ పెట్టెలోకి పదేపదే వెళ్లి ముక్కుతుంది. చాలామంది మలబద్ధకం అనుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది.

రోజుకు ఒక పూటైనా తడి ఆహారం పెట్టడం, తిండి గిన్నెకు దూరంగా రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లుంచడం దీనికి మంచి నివారణ. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఇది మరీ అవసరం. పిల్లికి చెమట పాదాల్లోనే పడుతుంది. చప్పిడి ముక్కు పెర్షియన్ పిల్లులకైతే గాలి ఆడే దారే ఇరుకు. మధ్యాహ్నం మూసిన బాల్కనీలో వాటిని వదలకూడదు.

వేట లేని రోజు

మూత్రాశయం వాపుకు నీటి కొరత ఒక్కటే కారణం కాదని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో టోనీ బఫింగ్టన్ బృందం చూపింది. 2011లో ప్రచురించిన వాళ్ల అధ్యయనంలో, భోజన వేళలూ చూసుకునే మనుషులూ తారుమారైనప్పుడు, ఏ జబ్బూ లేని పిల్లులు కూడా వాంతులు చేసుకున్నాయి, తిండి మానేశాయి, పెట్టె బయట ఉచ్చ పోశాయి. బెంగ నేరుగా ఒంటిని తాకుతుంది. పరుపు మీద ఉచ్చ పోసిన పిల్లిని కొట్టడం అందుకే అన్యాయం. అది చెప్పగలిగిన తీరులో తన బాధ చెబుతోంది.

వేటలో ఒక వరస ఉంది. పొంచడం, వెంటాడటం, దూకడం, కొరకడం, తినడం, ఒళ్లు నాక్కోవడం, నిద్రపోవడం. తెల్లవారుజామున, సాయంసంధ్యలో ఈ వరస మేలుకుంటుంది. ఆ వేళల్లో కర్రకు కట్టిన ఈకతో పది నిమిషాలు ఆడించి, చివర్లో దాన్ని పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెడితే వరస పూర్తవుతుంది, పిల్లి నిద్రపోతుంది. ఆట అయ్యాక ఆ ఈక కర్రను బీరువాలో పెట్టేయాలి, దానికీ దారం ఉంది. లేజరు చుక్క ఎప్పటికీ చేతికి చిక్కదు కాబట్టి దాంతో ఆట తీరని ఆకలిలా మిగిలిపోతుంది. ఎక్కి కూర్చోవడానికి ఎత్తయిన అల్మారా, గోళ్లు గీరుకోవడానికి కొబ్బరితాడు చుట్టిన గుంజ, దాక్కోవడానికి అట్టపెట్టె ఉంటే రెండు గదుల ఫ్లాటు కూడా పిల్లికి పెద్ద రాజ్యమే. దీపావళి రాత్రి ఆ అట్టపెట్టె లోపలి గదిలో ఉండాలి.

గడప దాటని పిల్లికి టీకా దేనికి?

బయటికే పోదు కదా అని టీకాలు మానేసేవాళ్లు ఎక్కువ. పిల్లులను, ముఖ్యంగా కూనలను, రోజుల్లో చంపే పాన్‌ల్యూకోపీనియా వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకు అంటుకుని లోపలికి వస్తుంది. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాల దాకా మూడు నాలుగు వారాలకొకసారి టీకా వేయడానికి ఒక కారణముంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం అది టీకాను కూడా పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో కూనకు ఒక్కోలా ఉంటుంది. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా తప్పనిసరి. పిల్లి కరిచినా రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, డాక్టరును కలవాలి.

అమీర్‌పేట హాస్టళ్లలో చదువుకునే పిల్లలకు ఒక మనవి. సెల్లార్లో దొరికిన కూనలను వెంటనే ఎత్తుకుపోకండి. తల్లి చాలాసార్లు వేటకే వెళ్లి ఉంటుంది. ఎనిమిది వారాలు నిండకుండా విడదీసిన కూన రోగాలకూ బెదురుకూ తొందరగా లొంగుతుంది. కోర్సు అయిపోయాక ఊరికి తీసుకెళ్లగలరో లేదో కూడా ముందే తేల్చుకోండి. పిల్లి పదిహేనేళ్లు బతికే జీవి.

తెల్లవారేదాకా ఆగకూడని లక్షణాలు

మగపిల్లి ఉచ్చ పోయలేక ముక్కడం, నోరు తెరిచి రొప్పడం, చిగుళ్లు పాలిపోవడం లేదా రంగు మారడం, ఎత్తు నుంచి పడటం (పైకి గాయం కనబడకపోయినా), లిల్లీని గాని మాత్రను గాని కొరకడం, వాంతులతో పాటు దారం కనబడటం. వీటిలో ఏది జరిగినా గంటల లెక్క. ఒక రోజంతా తిండి ముట్టని పిల్లిని కూడా డాక్టరుకు చూపించాలి, లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కొవ్వు కాలేయానికి చేరి దాన్ని స్తంభింపజేస్తుంది. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. అవి ఏ వేళల్లో తెరిచి ఉంటాయో, అర్ధరాత్రి చూసే ప్రైవేటు డాక్టరు మీకు దగ్గర్లో ఎవరున్నారో పగటిపూటే కనుక్కోండి. ఆ డాక్టరు నంబరును ఫోన్లోనే కాక, ఇంట్లో అందరికీ కనబడేలా ఫ్రిజ్ తలుపు మీద కూడా రాసి అంటించండి.